మా జేజినాయన గురించి మాకంటే ఎవరికి తెలుసు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే గొడవ మీద ఉన్నాయి. వికీపీడియాలో మనుషుల జీవిత చరిత్రలు, వాటిలో ఇంటివాళ్లు చేర్చే వంశవృక్షాలు, వాటిని ఎవరో వచ్చి తీసెయ్యడం. కడప కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ఇప్పుడు తెలుగు వికీపీడియాలో రాస్తున్నదాన్ని కాబట్టి ఈ శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా జేజినాయన స్వాతంత్ర్యోద్యమంలో అలీపురం జైలుకు పోయినాడు. పద్యాలు కూడా రాసినాడు. ఆయన మీద వికీపీడియాలో చిన్న పేజీ ఉంది. మా నాయన చేత్తో రాసిపెట్టిన వంశవృక్షం చూసి ఏడు తరాల పేర్లు, ఆయన పెండ్లి, పిల్లల వివరాలు అందులో చేర్చినాను. ఆయనకు రెండో పెండ్లి ఉంది. చిన్నజేజి తరఫు వాళ్లు వచ్చి నేను రాసింది మార్చినారు. నేను మళ్లీ పెట్టినాను. చివరికి ఎవరో నిర్వాహకుడట, ఇద్దరం రాసిందీ తీసేసి 'ఆధారం లేదు' అని ఒక్క ముక్క రాసి పోయినాడు. మా జేజినాయన గురించి మాకంటే ఆయనకు ఎక్కువ తెలుసా?
– ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీకంటే ఆయనకు ఎక్కువ తెలియదు. తెలుసని ఆయన అననూ లేదు. 'ఆధారం లేదు' అన్న మాట మన చెవికి 'నువ్వు చెప్పేది అబద్ధం' అన్నట్టు వినపడుతుంది, అందుకే కోపం వస్తుంది. వికీపీడియాలో రాసేవాళ్ల పేరు, ఊరు, బంధుత్వం ఎవరూ పరీక్షించరు. మీరు మనవడినని చెప్పినట్టే రేపు ఇంకొకరు వచ్చి నేనూ మనవడినే అనొచ్చు. మీ విషయంలో నిజంగా అదే జరిగింది, ఇద్దరూ నిజమైన మనవళ్లే! అప్పుడు మూడో మనిషి ఎవరి మాట నమ్మాలి? అందుకే చదివేవాడు తనంతట తాను తీసి చూసుకోగలిగే అచ్చు ఆధారం చూపించమంటారు. దీన్నే అక్కడ 'నిర్ధారత్వం' అంటారు. దానికి తోడు మౌలిక పరిశోధనకు అక్కడ చోటు లేదన్న నియమం ఒకటుంది. ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్న సంగతి లోకానికి మొట్టమొదట చెప్పే చోటు విజ్ఞాన సర్వస్వం కాదు. ఇంకెక్కడో బయటికి వచ్చి, నలుగురి కంట్లో పడ్డాక అక్కడికి రావాలి.

అంటే ఇంటివాళ్ల మాటకు విలువే లేదా? ఉంది. తాళ్లపాక అన్నమయ్య సంగతే చూడండి. ఆయన జీవితం గురించి మనకు తెలిసిన దాంట్లో చాలా భాగం సొంత మనుమడు చెప్పిందే. చిన్నన్న అనే తాళ్లపాక చినతిరువెంగళనాథుడు తాతగారి చరిత్రను ద్విపదలో రాశాడు. మనుమడు రాశాడు కదా అని ఏ పండితుడూ దాన్ని పక్కన పడెయ్యలేదు. అలాగని కళ్లకద్దుకుని మొత్తం ఒప్పుకోనూ లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు దాన్ని పరిష్కరించి అచ్చులోకి తెచ్చారు. తిరుమలలో బయటపడిన, ఆయన పాటలు చెక్కిన రాగిరేకులతో పోల్చి చూసే వీలు కలిగింది. రేకు మొదట్లో శక సంవత్సరాలు చెక్కి ఉన్నాయి. శక 1346 క్రోధి నుంచి శక 1424 దుందుభి దాకా, అంటే 1424 నుంచి 1503 వరకు. ఆ లెక్కతో కాలం తేలింది. తల్లిదండ్రుల పేర్లు, కొడుకుల పేర్లు చిన్నన్న దగ్గర నుంచే తీసుకున్నారు. కొండ ఎక్కుతూ అలసిపోయిన బాలుడికి అలమేలుమంగ కనపడి ప్రసాదం పెట్టిందన్న ఘట్టాన్ని మాత్రం 'చిన్నన్న ఇలా చెప్పాడు' అని చెప్పి వదిలేశారు. కుటుంబం ఇచ్చిన సమాచారాన్ని వాడే పద్ధతి అదీ. చెప్పినవాడి పేరుతో అందరి ముందూ ఉండాలి, మరొకదానితో పోల్చుకునే వీలుండాలి, ఏది ఎంతవరకు నమ్మాలో వేరేవాళ్లు తూచాలి.

మీ గొడవకు సరిపోయే ముక్క ఇంకొకటి ఉంది. అన్నమయ్యకు ఇద్దరు భార్యలు, తిరుమలమ్మ, అక్కలమ్మ. ఇద్దరి పేర్లూ లోకానికి తెలిశాయి. ఐదు వందల ఏళ్ల కిందటి ఆ ఇంట్లో దాచుకోని సంగతిని మనం ఇప్పుడు ఎందుకు దాచాలి?

మీ నాయనగారు రాసిన కాగితం ఒకసారి తీసి చూడండి, దయచేసి. దాంట్లో ఆడవాళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయి? మీ మేనత్తలు ఉన్నారా? పెద్దజేజి పుట్టింటి పేరు ఉందా? చిన్నజేజి ఉందా, ఆమె బిడ్డలు ఉన్నారా? కడప, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఇళ్లలో నాకు చూపించిన వంశవృక్షాలు చాలా వరకు తండ్రి, కొడుకు, మనవడు అని మగవాళ్ల గీతే. 'ఇద్దరు ఆడపిల్లలు' అని మూల ఒక అంకె వేసి ఊరుకున్నవీ ఉన్నాయి. కారణం వెతకడానికి ఎక్కడికీ పోనక్కర్లేదు. మన సీమలో వంశవృక్షం అన్న మాట ఎక్కువగా వినపడేది భూమి పంపకాలప్పుడే. భాగం ఎవరికి వస్తుందో వాళ్ల పేర్లే రాసుకున్నారు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు హక్కు మన రాష్ట్రంలో 1986 చట్టంతో వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అంతకు ముందు రాసిన కాగితంలో ఆమె పేరు లేకపోతే ఆమె లేనట్టు కాదు, ఆమెకు భాగం లేనట్టు. పొలం పంపకానికి రాసుకున్న కాగితాన్ని తీసుకొచ్చి ఒక మనిషి జీవిత చరిత్రకు ఆధారం అంటే నేను ఒప్పుకోలేను. ఈ ఒక్క విషయంలో నాకు మొహమాటం లేదు. రెండో భార్యను, ఆమె పిల్లలను చెరిపేసిన వంశవృక్షం ఎంత పాతదైనా, ఎంత ముద్దుగా చేత్తో రాసిందైనా, అది సగం కాగితమే.

ఇక ఏం చెయ్యాలో చెబుతాను. ముందు ఆ పేజీలో మార్చడం, వాళ్లు మార్చింది మళ్లీ వెనక్కి తిప్పడం ఆపండి. ఇంగ్లీషు వికీపీడియాలోనైతే ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లు మించి అలా తిప్పితే నిరోధిస్తారు. ఆ పేజీకి పక్కనే 'చర్చ' పేజీ ఉంటుంది. అక్కడ 'నేను ఆయన మనవడిని' అని దాచకుండా చెప్పి, మీకు ఏది తప్పనిపిస్తుందో రాయండి. చిన్నజేజి తరఫు వాళ్లనూ అక్కడికే పిలవండి. ఏడు తరాల పేర్లు వదులుకోండి. వికీపీడియా వంశావళి పట్టిక కాదు. ఆ మనిషి జీవితం అర్థం కావడానికి అవసరమైనంత వరకే బంధువులు వస్తారు. తల్లిదండ్రులు, భార్యలు, పేరున్న పిల్లలెవరైనా ఉంటే వాళ్లు, అంతే.

తర్వాత అచ్చులో వెతకండి. అనంతపురం నుంచి 1926లో మొదలైన 'సాధన' పత్రిక సంచికలు, 1924 నుంచి 1991 దాకా వచ్చిన 'భారతి' సంచికలు చూడండి, పద్యాలు రాసినవాడైతే ఏదో ఒక మూల పేరు తగులుతుంది. స్వాతంత్ర్య సమరయోధుల వివరాలతో రాష్ట్ర ప్రభుత్వం వేసిన సంపుటాలు పెద్ద గ్రంథాలయాల్లో ఉంటాయి. జైలు నుంచి రాసిన ఉత్తరాలు, పద్యాల చిత్తుప్రతులు మీ దగ్గర ఉంటే మాత్రం, అవే అసలు ఆస్తి. వాటిని ఇంట్లో చెదలకు వదలొద్దు. కడప ఎర్రముక్కపల్లిలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో తాళపత్రాలు, పాత కాగితాలు భద్రపరుస్తారు, పోయి మాట్లాడండి. యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనో చరిత్ర మీద పనిచేసే వాళ్లెవరికైనా చూపించండి. వాళ్లు చూసి, పోల్చి ఒక వ్యాసం రాసి అచ్చు వేస్తే, ఆ వ్యాసం వికీపీడియాకు ఆధారం అవుతుంది. మీరే సొంత ఖర్చుతో పుస్తకం వేస్తే దానికి అంత బరువు ఉండదు, అయినా వెయ్యడమే మంచిది. రెండిండ్ల వాళ్లూ కూర్చుని వేస్తే మరీ మంచిది. పూర్తి వంశవృక్షం అందరూ చూడాలన్న కోరిక ఉంటే వికీట్రీ లాంటి చోట్లు ఉన్నాయి, వాటి పనే అది.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను, ఖాళీ ఉన్నప్పుడు వికీపీడియాలో మా ప్రాంతం గురించి రాస్తాను. మా ఊరి ఒక పెద్దాయన పేజీలో 'ఫలానా పాలెగాళ్ల వంశస్థుడు' అని రాయమని వాళ్ల మనుషులు ఇంటికి వచ్చి అడుగుతున్నారు. కైఫీయతులో ఉందంటారు, పిచ్చిగుంట్లవాళ్లు కూడా అదే చెప్పారంటారు. ఒక పేపర్ కటింగ్ చూపించారు. మా అమ్మానాన్నలకు టెన్షన్‌గా ఉంది. రాసెయ్యమంటారా?
– ఆళ్లగడ్డ దగ్గర నుంచి ఒక అమ్మాయి

జవాబు: రాయొద్దు తల్లీ. ఎందుకో ఒక్కొక్కటీ చెబుతాను, ఇంటికి వచ్చినవాళ్లకు నువ్వూ చెప్పొచ్చు.

కైఫీయతులు మన సీమకు గొప్ప నిధి, నాకు వాటి మీద చాలా ప్రేమ. కాలిన్ మెకంజీ తన మనుషులను ఊరూరికీ పంపి రాయించి తెప్పించుకున్న గ్రామ చరిత్రలవి. ఆయన 1821లో పోయాక వాటికి శుద్ధప్రతులు రాయించినవాడు బ్రౌన్. వాటిని రాసింది చాలా చోట్ల ఊరి కరణాలు, ఊళ్లో చెప్పుకునేదే రాశారు. అది ఎప్పటి కాలమో గుర్తుపెట్టుకో. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి ఇచ్చేశాడు, థామస్ మన్రో వచ్చి పాలెగాళ్లను అణిచి, వాళ్ల హక్కులు తేల్చే పనిలో ఉన్నాడు. అలాంటప్పుడు మా వంశం ఇంత పాతది, ఫలానా రాయల కాలం నుంచి ఈ పాళెం మాది అని చెప్పుకోవడానికి ప్రతి ఇంటికీ అవసరం ఉంది. కాబట్టి కైఫీయతులో ఉంటే 'కైఫీయతు ఇలా చెబుతుంది' అని రాయొచ్చు. ఆ కైఫీయతులో ఆగిపోయిన పేరుకూ ఇప్పటి ఈ పెద్దాయనకూ మధ్య ఉన్న తరాలను కైఫీయతు చెప్పదు కదా. ఆ లంకె వేసేది ఎవరు? ఆ లంకెకే ఆధారం అడగాలి.

ఇది కొత్త సమస్య కూడా కాదు. కడప జిల్లా మాలెపాడులో దొరికిన పుణ్యకుమారుడి రాగిశాసనం చూడు. రేనాటి చోళుల వంశక్రమం అందులో ఉంది. నందివర్మ, ఆయన కొడుకులు సింహవిష్ణు, సుందరనంద, ధనంజయవర్మ, తర్వాత మహేంద్రవిక్రమ, అలా పుణ్యకుమారుడి దాకా. పైన మాత్రం సూర్యవంశం, కావేరికి కట్ట వేసిన కరికాలుడు. చరిత్రకారులు కింది నాలుగు తరాలను తీసుకున్నారు, సూర్యుడిని, కరికాలుడిని శాసనం చెప్పుకున్న గొప్పగా వదిలారు. రాజు రాగి మీద చెక్కించినా దగ్గరి తరాలనే నమ్మారు, మన ఊరి పెద్దాయనకు వేరే లెక్క ఉండదు.

పిచ్చిగుంట్లవాళ్లు, ఇప్పుడు వంశరాజ్ అంటున్నారు, గోత్రాలు, ఇంటిపేర్లు నోటి మీద చెప్పే ఆ విద్య అచ్చంగా మనది, రికార్డు చేసి దాచుకోవాల్సింది. కానీ తమను పోషించే ఇంటి వంశాన్ని పొగడటమే వాళ్ల వృత్తి. వాళ్లు పాడింది ఆ వృత్తి గురించిన పరిశోధనలో రావాలి. ఇంటిపేరు కలిసినంత మాత్రాన కూడా వంశం కలిసినట్టు కాదు, ఊరు కలిసినంత మాత్రాన అసలే కాదు. ఉయ్యాలవాడ ఒకటే ఊరు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన నరసింహారెడ్డిది ఆ ఊరే, కరువులో జనానికి అన్నం పెట్టి పేరు తెచ్చుకున్న బుడ్డా వెంగళరెడ్డిదీ ఆ ఊరే. ఇద్దరినీ ఒక ఇంటివాళ్లను చేసి మాట్లాడేవాళ్లను నేను విన్నాను.

ఇక పేపర్ కటింగ్. దీన్ని జాగ్రత్తగా చూడాలి. దాని మీద తేదీ చూడు. తర్వాత వికీపీడియా పేజీలో 'చరిత్ర' నొక్కి, ఆ 'వంశస్థుడు' అన్న ముక్క ఎప్పుడైనా చేరి, తర్వాత తీసేసి ఉందేమో చూడు. చాలాసార్లు జరిగేది ఇదీ: ముందు ఎవరో ఆధారం లేకుండా పేజీలో రాస్తారు, జయంతికో వర్ధంతికో పేపర్లో వార్త రాసేవాళ్లు దాన్నే చూసి రాస్తారు, తర్వాత ఆ వార్తనే ఆధారంగా తెచ్చి చూపిస్తారు. వికీపీడియాలో చేరిన తేదీ ముందు, పేపర్ తేదీ తర్వాత అయితే ఆ కటింగ్ పనికి రాదు. జెనీ లాంటి వంశవృక్షాల సైట్ల సంగతీ అంతే. ఎవరు పడితే వాళ్లు చేర్చుకోవచ్చు కాబట్టి వాటిని నమ్మదగిన ఆధారంగా తీసుకోరు.

ఇంటికి వచ్చినవాళ్లతో నువ్వు వాదించొద్దు. 'ఇది నా సొంత పేజీ కాదు, చర్చ పేజీలో మీరే రాయండి' అని చెప్పు. నువ్వు కూడా విషయం రచ్చబండలో, అంటే తెలుగు వికీపీడియాలో అందరూ చర్చించుకునే పేజీలో పెట్టు, అప్పుడు మిగతా వాడుకరులు చూస్తారు, నిర్ణయం నీ ఒక్కదాని నెత్తిన ఉండదు. నీ వాడుకరి పేజీలో ఊరి పేరు, కాలేజీ పేరు ఉంటే తీసెయ్. మీ అమ్మానాన్నలకు నా మాటగా చెప్పు, బిడ్డ మంచి పని చేస్తోందని.

ప్రశ్న: వికీపీడియాలో నాయకుల పేజీల్లో ఫలానావారి అల్లుడు, ఫలానావారి బావమరిది అని రాస్తుంటారు. మనిషి చేసిన పని చెప్పక ఈ చుట్టరికాలెందుకు? అన్నీ తీసెయ్యాలని నా అభిప్రాయం.
– అనంతపురం నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: అన్నీ తీసెయ్యకూడదండీ. మీ జిల్లాలోనే చూడండి. 1952 ఎన్నికల్లో అనంతపురంలో నీలం సంజీవరెడ్డి మీద తరిమెల నాగిరెడ్డి జైల్లో ఉండి పోటీ చేసి గెలిచారు. నాగిరెడ్డి గారి సోదరి నాగరత్నమ్మ సంజీవరెడ్డి గారి భార్య. తర్వాత రాష్ట్రపతి అయిన మనిషిని కమ్యూనిస్టు అయిన బావమరిది ఓడించాడన్న సంగతిని బంధుత్వం చెప్పకుండా రాస్తే ఆ ఎన్నిక సగమే చెప్పినట్టు. 1880లో తాడిపత్రిలో పుట్టిన నటుడు బళ్లారి రాఘవకు నాటక రచయిత ధర్మవరం రామకృష్ణమాచార్యులు మేనమామ. రాఘవకు నాటకం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే మేనమామ రాక తప్పదు. ఆ మనిషి చేసిన పనిలో ఆ చుట్టరికం పాత్ర ఉందని మూడో మనిషి ఎవరైనా అచ్చులో రాశారా అన్నదే నేను చూస్తాను. రాసి ఉంటే ఉండనివ్వండి. కేవలం గొప్ప కోసం తగిలించిన 'ఫలానావారి తోడల్లుడు' లాంటివి తీసెయ్యండి, నేనూ మీతో ఉంటాను.

ప్రశ్న: మా నాన్నగారు పేరున్న మనిషి. ఆయన పేజీలో ఎవరో బంధువులే నా పేరు, నాతో విడిపోయిన భర్త పేరు, స్కూలుకు పోతున్న నా పిల్లల పేర్లు పెట్టారు. పెళ్లిపత్రిక, ఫేస్‌బుక్ చూసి పెట్టామంటున్నారు. తీసేస్తే మళ్లీ పెడుతున్నారు.
– కడప నుంచి ఒక సోదరి

జవాబు: అమ్మా, ఇందులో న్యాయం పూర్తిగా మీ వైపు ఉంది. జీవించి ఉన్నవాళ్ల విషయంలో వికీపీడియా నియమాలు మరింత గట్టివి. సరైన ఆధారం లేని వివాదాస్పద సమాచారాన్ని చర్చ కోసం ఆగకుండా వెంటనే తీసెయ్యాలి. పేరున్నది మీ నాన్నగారికి, మీకూ మీ పిల్లలకూ కాదు. పెళ్లిపత్రిక, ఫేస్‌బుక్ ఆధారాలు కావు. ఇలాంటి చోట కోర్టు కాగితాలు కూడా వాడకూడదు. మీరు స్వయంగా తీస్తూ కూర్చోవద్దు, నిర్వాహకులకు రాయండి. వాళ్లు ఎవరు పడితే వాళ్లు మార్చకుండా పేజీకి సంరక్షణ పెట్టగలరు, పాత కూర్పుల్లో ఉన్న పిల్లల పేర్లు మామూలు వాళ్లకు కనపడకుండా దాచగలరు. చర్చ పేజీలో అందరికీ కనపడేలా పిల్లల పేర్లు మళ్లీ రాయకండి, ఈమెయిల్ పంపండి. వికీపీడియాకు తోబుట్టువైన వికీడేటాలో కూడా ఒకసారి వెతకండి, అక్కడ తండ్రి, తల్లి, సంతానం అని వేరే గళ్లుంటాయి. ఇక్కడ తీసినా అక్కడ మిగిలిపోతుంది.

ప్రశ్న: తహసీల్దారు ఆఫీసులో ఇచ్చిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ మా దగ్గర ఉంది. ప్రభుత్వ ముద్ర ఉంది కాబట్టి స్కాన్ చేసి ఆధారంగా పెట్టొచ్చా?
– ఆదోని నుంచి ఒక పాఠకుడు

జవాబు: పెట్టొద్దు. బతికున్న వాళ్ల పేర్లు, వయసులు, ఒక్కోసారి ఆధార్ నంబర్లు కూడా అందులో ఉంటాయి. అది అచ్చయిన ఆధారమూ కాదు. కోర్టులో పనికొస్తుంది కదా అంటారేమో. కోర్టు లెక్క వేరు. బంధుత్వం గురించి చనిపోయిన పెద్దలు చెప్పిన మాటను కూడా పాత సాక్ష్య చట్టం 32వ సెక్షన్ కింద తీసుకునేవారు, అదీ తగాదా పుట్టక ముందు చెప్పిందైతేనే. అక్కడ జడ్జి ఉన్నాడు, ఎదుటి లాయరు ప్రశ్నించడానికి ఉన్నాడు. వికీపీడియాలో ఆ ఇద్దరూ లేరు. ఇప్పటికే వికీపీడియా బొమ్మలు దాచే కామన్స్‌లో ఎక్కించి ఉంటే ఇవాళే తొలగించమని అడగండి. ఎక్కించిన వారం రోజుల లోపు మీరే అడిగితే పెద్ద చర్చ లేకుండా తీసేస్తారు.